గుణపత్రిక

మరాఠీ బడిల మార్కులను గుణాలంటరు.
మార్కుల కాయితం గుణపత్రిక.
ఇన్నేండ్లు అది నాకు ఉత్త మాటనే,
అమ్మ చెవిల పడేదాక.

"ఎన్నొచ్చినయే గుణాలు?"
"నూటికి నలభై ఆరు."
మిరపకాయల తొడిమెలు తీసే చెయ్యి ఆగింది.
"తక్కినయి ఏడ వోయినయి?"

సిరొంచ బస్టాండ్ ఎనుక
సడవలి ఆన్‌లైన్ సెంటర్.
ఎమ్మెస్సీ ఫారం తెరిచిండు.
పేరు స్వరూప, తండ్రి బానయ్య, ఆడ్నావ్ దుర్గం.
మూడు డబ్బాలల్ల సక్కగ సరిపోయిన.
నాలుగో డబ్బా కాడ నా మొకం జూసిండు.
"నలభై ఆరు పాయింట్ ఒకటి ఏడు," అన్న.
"పాయింట్ మర్వకు."

నలభై ఐదు ఉంటే ఫారం తీసుకుంటరట.
ఒకటి మీద కొసరు మిగిలింది నాకు,
ఎండకాలం ప్రాణహితల
పడవ కింద మిగిలే నీళ్లంత.

ఆఖరున పెద్ద ఖాళీ.
మార్కులు తక్కువైతే కారణం రాయాలె,
రెండు వందల మాటలకు మించకుంట.

"వరద రాయి," అన్నడు సడవలి.
"బజారు మునిగిన ఫోటోలున్నయి, జోడిస్త."
వరద వచ్చింది నిజమే.
మా ఇంట్ల మోకాలుమంటి నిలిచింది.
పరీక్షలు అయినంక వచ్చింది.

"అమ్మకు పాణం బాగలేదని రాయి."
అమ్మకు ఏం కాలే.
అయితే ఆ తొడిమెలు ఎవరు తీస్తుండ్రు?

"ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, పుస్తకం ఇంగ్లీషు.
ఇదన్న రాయి, నిజమే గద."
కొంచెం నిజం.
ఆ కొంచెమే నన్ను భయపెట్టింది.
నా పక్క బెంచి పుంగాటి సుశీలకు
వీటన్నిటికంటే ముందు మాడియా ఉండె.
ఆమెకు డెబ్బై ఒకటి.

రెండో ఏడాది, జెనెటిక్స్.
దేశకర్ సర్ బోర్డు మీద
పొడుగు బఠాణీని పొట్టి బఠాణీని కలిపి
"సమజ్‌లం కా?" అని తిరిగేటోడు.
కిటికీ పక్కన నా తల ఊగేది.

మొదటి రోజు, సమజ్ కాలేదనడానికి సిగ్గు.
పదో రోజు, మొదటి రోజుది అడగడానికి సిగ్గు.
నలభయ్యో రోజుకు సిగ్గు పోయింది,
ఊపుడే మిగిలింది.
ఎవరు ఏమన్నా ఊపేది.
బస్సుల కండక్టర్ టికెట్ అడిగితే సుత ఊపిన ఒకనాడు.

ఎనభైకి పదిహేడు.
మల్ల రాస్తే ఇరవై నాలుగు.
మూడోసారికి ముందు సుశీల గదికి పోయిన.
అమ్మ పంపిన మిరపకాయలు చాప మీద పోసి
ఎర్రయి ఒక దిక్కు, తాలుకాయలు ఒక దిక్కు పెట్టి
"ఇది తల్లి, ఇది తండ్రి, ఇగ పిల్లలను లెక్కవెట్టు" అన్నది.
ఒక్క పూట పట్టింది.
రెండేండ్ల భయం, ఒక్క పూట.
నాకు ఏడుపొచ్చింది.
ఘాటుకనుకొని కిటికీ తెరిచింది సుశీల.

ముప్పై రెండు. పాస్.

ఖాళీల మరాఠీల రాసిన.
తెలుగుల చెప్తే ఇంతే:
రెండో ఏడాది నాకు అర్థం కాలేదు.
అర్థమైందని తల ఊపిన.
ఇప్పుడు అడుగుత.

"గింతేనా?" అన్నడు సడవలి.
"ఇంక ఎంత జాగ ఉంది!"
ఉండనీ.

పైసలు కట్టేటప్పుడు నెట్ పోయింది.
చక్రం తిరుగుతనే ఉంది.
ఇద్దరం చాయ్ తాగొచ్చినం.
నది దిక్కు నుంచి లారీలు వచ్చుడు, పోవుడు.
వచ్చి చూస్తే కట్టినట్టు చూపించింది.

ప్రింటు సగం గీతలు వడి వచ్చింది.
సిరా అయిపోయినట్టుంది,
సరిగ్గ నలభై ఆరు కాడ మసక.
సడవలి నవ్విండు.
"దేవుడే తుడిచిండు, ఉండనియ్యి.
ఎవరికీ కనవడది."

"ఇంకోటి తియ్యి," అన్న.
"అంకె సాఫ్‌గ కనవడాలె."

డబ్బాను తీసి రెండుసార్లు ఊపి పెట్టిండు.
రెండో కాయితానికి గూడ
పైసలు తీసుకున్నడు.